బిగువుగా ఉండాలా, వదులుగా ఉండాలా? పాత మిలిటరీ పిస్టళ్లలో ఏది మేలు

పీణ్యాలో మా మేనల్లుడికి చిన్న సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపించే కోత మెషీన్ల) వర్క్‌షాపు ఉంది. నాలుగు మెషీన్లు, తొమ్మిది మంది కుర్రాళ్లు. సగం మంది కర్నూలు, అనంతపురం వైపు వాళ్లే కాబట్టి లోపల అడుగు పెడితే బెంగళూరులో ఉన్నామన్న సంగతే గుర్తుండదు. ఈమధ్య ఆఫీసు గదికి రంగులు వేయించి, ఖాళీ గోడ మీద ఒక పెద్ద బొమ్మ పెట్టాలనుకున్నాడు. పాతకాలం మిలిటరీ పిస్టల్‌ని పూర్తిగా విప్పి, ప్రతి స్ప్రింగూ ప్రతి పిన్నూ విడివిడిగా గాల్లో తేలుతున్నట్టు గీసిన డ్రాయింగు.

"ఒక్కటే పడుతుంది మావయ్యా. ఏది పెట్టమంటారు?" అన్నాడు.

నన్నడగడానికి కారణం ఉంది. నేను ఆర్మీలో ఇరవై రెండేళ్లు ఆర్మరర్‌గా చేశాను. అంటే తుపాకీ కాల్చడం కంటే, కాల్చినవాళ్లు పాడుచేసి తెచ్చినవాటిని బాగుచేయడమే ఎక్కువ. నాతో మాటవరసకి అడిగాడు గానీ, వాడి మనసులో జర్మనీవాళ్ల లూగర్ పిస్టల్ ముందే ఉంది. పెళ్లిచూపులకి బయల్దేరకముందే ముహూర్తం పెట్టుకున్న బాపతు. నేను కాదన్నాను. మూడు ఆదివారాలు వాదించుకున్నాం. ఆ వాదనలో తేలినదే ఇది. గోడకి బొమ్మ కావాలన్నా, మోడల్ కిట్ కొనాలన్నా, షార్ట్ ఫిల్మ్‌లో పాతకాలం అధికారి చేతికి ఏ డమ్మీ ఇవ్వాలో తేల్చుకోవాలన్నా, స్నేహితులతో పందెం గెలవాలన్నా పనికొస్తుంది. నిజం పిస్టల్ కొనే మాటైతే ఇక్కడ లేదు. మన దేశంలో 9 ఎంఎం నిషిద్ధ బోరు (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు), మామూలు పౌరుడికి లైసెన్సు ఇవ్వరు. లైసెన్సు దొరికినవాళ్లు చేతి తుపాకుల్లో ఎక్కువగా తీసుకునేది .32 బోరే.

చిటికెడు దుమ్ముతో పందెం

మొదటి ఆదివారం వాడు రెండు పిస్టళ్ల ఫొటోలు పక్కపక్కన పెట్టాడు. ఒకటి జర్మనీ లూగర్, ఇంకోటి అమెరికా 1911. "లూగర్ ఫిట్టింగ్ చూడండి, వెంట్రుక దూరదు. ఆ 1911ని చేత్తో ఊపితే గలగలమంటుందట. ఏది మంచి పనో మీరే చెప్పండి" అన్నాడు.

నేను మాట్లాడకుండా లేచి, గ్రైండింగ్ మెషీన్ కింద పేరుకున్న దుమ్ము చిటికెడు తెచ్చాను. వాడి దగ్గరే ఉన్న రెండు బుష్‌లు, అంటే పిన్ను దూరే చిన్న గొట్టాలు, తీసుకున్నాం. ఒకదాంట్లో పిన్ను ఎంత బిగువుగా కూర్చుంటుందంటే, నూనె రాసి వదిలితే గాలి కూడా మెల్లగా తప్పుకోవాలి. రెండోది మా కుర్రాడొకడు కొలత తప్పి రిజెక్ట్‌లో పడేసింది, పిన్ను అందులో కాస్త ఊగుతుంది. రెండు పిన్నుల మీదా దుమ్ము చల్లి తోయమన్నాను. బిగువుది సగం దూరం వెళ్లి ఆగిపోయింది, నైలాన్ సుత్తితో కొడితే గానీ వెనక్కి రాలేదు. రిజెక్ట్ పీసు గరగరమంటూనే దిగిపోయింది. మళ్లీ లాగితే మళ్లీ గరగరమంటూ వచ్చేసింది.

"ఇది మోసం మావయ్యా, నాది ప్రెసిషన్ పీసు" అన్నాడు.

లూగరూ ప్రెసిషన్ పీసే. యుద్ధానికి పోయే వస్తువుకి ఎక్కడ బిగువు పెట్టాలి, ఎక్కడ వదులు ఉంచాలి అన్నదే అసలు డిజైను. తూటా బయల్దేరే క్షణాన బ్యారెలూ (గొట్టం), స్లయిడూ (దాని మీద ముందుకీ వెనక్కీ జరిగే ఉక్కు తొడుగు) ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవాలి. మిగతా ప్రయాణమంతా దుమ్ము పడ్డా, నూనె ఎండిపోయినా కదలగలగాలి. గురి కోసం బిగువు అడుగుతారు, నమ్మకం కోసం వదులు అడుగుతారు. ఒక్కో దేశం ఈ రెంటి మధ్య ఒక్కో చోట గీత గీసింది.

తప్పు ఎక్కువగా ఎక్కడుంటుంది

పిస్టళ్ల దగ్గరికి వెళ్లేముందు ఒక అనుభవం చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేది సగమే అర్థమవుతుంది.

ఒకసారి వానాకాలంలో రేంజ్ ఫైరింగ్. ఒక పిస్టల్ ప్రతి మూడో నాలుగో రౌండుకి ఆగిపోతోంది. తూటా ముక్కు చాంబర్‌లోకి, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిలోకి, వెళ్లకుండా అంచుకి తగిలి పైకి లేచి నిలబడుతోంది. కుర్ర ఆఫీసరు విసుక్కుని "ఈ పిస్టల్ పనికిరాదు, కోత్‌లో జమ చేసెయ్" అన్నాడు. కోత్ అంటే మా భాషలో ఆయుధాలు దాచే గది. నేను ఆ పిస్టల్ మేగజైన్, అంటే పిడిలోకి దూర్చే తూటాల డబ్బా, తీసి సుద్దముక్కతో దాని అడుగున గీత పెట్టాను. పక్కవాడి మేగజైన్ ఇందులో పెట్టాను, ఇందులోది పక్కవాడికి ఇచ్చాను. జబ్బు పక్కవాడికి అంటుకుంది. ఇది హాయిగా కాలుతోంది.

సుద్ద గీత ఉన్న మేగజైన్‌ని వెలుగుకి పట్టుకుని చూస్తే, తూటాని పట్టి ఉంచే పై అంచుల్లో ఎడమది కాస్త విచ్చుకుని ఉంది. ఈ అంచుల్ని మేం లిప్స్ అంటాం. వేలితో తడిమితేనే తెలిసేంత తేడా. ఎవడి చేతిలోనుంచో జారి సిమెంటు గచ్చు మీద తలకిందులుగా పడి ఉంటుంది. ఎవడూ ఒప్పుకోలేదనుకోండి.

నేను చూసిన స్టాపేజీల్లో ఎక్కువభాగం ఇలాంటివే. మేగజైన్ అంచు వంగడం, దాని స్ప్రింగు నీరసపడటం, అడుగున ఇసుక చేరడం. పేరు మాత్రం పిస్టల్‌కి చెడుతుంది. అందుకే ఏ పిస్టల్ గొప్పదని ఎవరు చెప్పినా, మేగజైన్ గురించి ఏం ఆలోచించారో చూశాకే నేను మార్కులు వేస్తాను.

లూగర్: కొనేవాడికి ముద్దు, మోసేవాడికి బరువు

హ్యూగో బోర్కార్ట్ 1893లో చేసిన ఎబ్బెట్టు పిస్టల్‌ని గెయార్గ్ లూగర్ చక్కదిద్దితే వచ్చింది ఇది. స్విట్జర్లాండ్ సైన్యం 1900లో తీసుకుంది. జర్మనీ నౌకాదళం 1904లో, సైన్యం 1908లో తీసుకున్నాయి. ఆ 1908 వల్లే పీ.08 అన్న పేరు. మేగజైన్‌లో 8 రౌండ్లు.

దీని లోపలి పని మనిషి మోకాలు లాంటిది. కాలు నిటారుగా ఉన్నప్పుడు ఎంత బరువైనా మోస్తుంది, మోకాలి వెనక చిన్నగా తడితే మడత పడుతుంది కదా. లూగర్ పైన కనిపించే రెండు గుండ్రటి గుబ్బలు ఆ మోకాలి చిప్పలు. పేలగానే బ్యారెలూ మోకాలూ కలిసి కాస్త వెనక్కి జరుగుతాయి. గుబ్బలు ఫ్రేము మీది వాలుకి తగలగానే మోకాలు పైకి మడిచి ఖాళీ తొడుగుని బయటికి విసురుతుంది. చూడ్డానికి ఇంతకంటే ముచ్చటైన కదలిక ఏ పిస్టల్‌లోనూ లేదు. పిడి వాలు కూడా చేతికి అతికినట్టు ఉంటుంది, చెయ్యి చాపితే చూపుడు వేలు చాపినట్టే.

చిక్కంతా ఆ ముచ్చటలోనే ఉంది. మోకాలు మడవాలంటే తూటా బలం సరిగ్గా ఉండాలి. మందు కాస్త తక్కువైన తూటా పడితే మోకాలు పూర్తిగా వెనక్కి రాదు, పాత తొడుగు దారిలోనే ఉండిపోతుంది. పైగా ఆ కదలిక చాలా వేగం. అది వెనక్కి వెళ్లి ముందుకొచ్చేలోపు మేగజైన్ తన తర్వాతి తూటాని పైకి తోసేయాలి. అందుకే మేగజైన్ స్ప్రింగు బలంగా పెట్టారు. ఎంత బలమంటే, వేళ్లతో నింపడం కష్టమని సైనికుడికి ఒక చిన్న పనిముట్టు కూడా ఇచ్చేవారు. ట్రిగ్గర్‌కీ ఫైరింగ్ పిన్‌కీ మధ్య పనిచేసే కడ్డీ ఎడమ పక్కన బయటికే కనిపిస్తూ ఉంటుంది, బురద పడటానికి పిలిచినట్టు. చిన్న చిన్న భాగాల మీద కూడా పిస్టల్ నంబరులోని చివరి రెండంకెలు కొట్టేవారు. కలెక్టర్లకి అది ముద్దు, నంబర్లన్నీ కలిస్తే ధర పెరుగుతుంది. ఆర్మరర్‌కి మాత్రం తలనొప్పి. ఒకదాని ముక్క ఇంకోదానికి చేత్తో సరిచేయకుండా కూర్చుంటుందన్న భరోసా లేదు.

ఇంత చెప్పినా ఒకటి ఒప్పుకోవాలి. శుభ్రంగా ఉంచి, సరైన తూటాలు పెడితే లూగర్ చక్కగా కాలుతుంది, గురి బాగుంటుంది. ఈ పిస్టల్ కోసం తయారైన 9 ఎంఎం పారాబెల్లం తూటానే ఇవాళ ప్రపంచంలో సగానికి పైగా సైన్యాలు, పోలీసులు వాడుతున్నారని నా లెక్క. పిస్టల్ మ్యూజియంలోకి వెళ్లింది, తూటా ఉద్యోగం చేస్తూనే ఉంది.

1911: గలగలమనే ఇంజనీరింగు

ఫిలిప్పీన్స్‌లో మోరో తిరుగుబాటుదారులతో పోరాడేటప్పుడు అమెరికన్ సైనికుల .38 రివాల్వర్లు ఎదుటివాణ్ణి ఆపలేకపోయాయి. అందుకని పెద్ద తూటా కావాలన్నారు. జాన్ బ్రౌనింగ్ .45 తూటానీ, దానికి పిస్టల్‌నీ తయారుచేశాడు. 1907లో మొదలైన పరీక్షల్లో .45 లూగర్ కూడా పోటీకొచ్చింది, తర్వాత కంపెనీయే తప్పుకుంది. చివరికి 1911 మార్చిలో కోల్ట్ కంపెనీ చేసిన ఈ బ్రౌనింగ్ పిస్టలూ, సావేజ్ కంపెనీ పిస్టలూ మిగిలాయి. ఒక్కోదానితో 6,000 రౌండ్లు కాల్చారు. సావేజ్ 37 సార్లు మొరాయించింది. కోల్ట్ ఒక్కసారి కూడా ఆగలేదు. మార్చి 29న సైన్యం దాన్ని తీసుకుంది, 1985లో ఇటలీ కంపెనీ బెరెట్టా పిస్టల్ వచ్చేదాకా వదల్లేదు.

బ్యారెల్ కింద గొలుసు లంకె లాంటి చిన్న ముక్క ఉంటుంది. పేలినప్పుడు బ్యారెల్ పై గట్లు స్లయిడ్ లోపలి గాళ్లలో ఇరుక్కుని ఉంటాయి. రెండూ కలిసి కొద్దిగా వెనక్కి వచ్చాక ఆ లంకె ఊగి బ్యారెల్ వెనక భాగాన్ని కిందికి దించుతుంది, స్లయిడ్ విడిపోయి తన దారిన పోతుంది. ఇరుక్కోవాల్సిన చోట ఇరుక్కుంటుంది, మిగతా చోట వదులు. ఊపితే గలగలమనేది అందుకే.

ఇక్కడ మన ఇళ్లకి దగ్గరైన సంగతి ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో 1911ని అన్నిటికంటే ఎక్కువగా, 8 లక్షలకు పైగా, చేసింది రెమింగ్టన్ రాండ్, అంటే టైప్‌రైటర్ల కంపెనీ. సింగర్ కుట్టుమెషీన్ల కంపెనీ కూడా 500 చేసింది. మా అమ్మ కుట్టుమెషీన్ సింగరే, కాబట్టి ఈ సంగతి తెలిసినప్పుడు నాకు బలే అనిపించింది. టైప్‌రైటర్లు చేసే చేతులు కూడా చేయగలిగేంత, ఒకరి ముక్క ఇంకొకరి పిస్టల్‌లో కూర్చునేంత వెసులుబాటు ఆ డిజైన్‌లో ఉంది. లూగర్‌ని అలా పంచిపెట్టి చేయించడం అంత తేలిక కాదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. బరువు ఖాళీగానే 1.1 కిలోలు, మేగజైన్‌లో 7 రౌండ్లే. గుండ్రటి ముక్కు తూటాకే పుట్టింది, ఆకారం మారిస్తే పేచీ పెడుతుంది. మార్కెట్లో పోటీల కోసం బిగువుగా చేసిన 1911లు వచ్చాయి. అవి గురిలో మేలే, కానీ తాత పేరు చెప్పుకుని బతికే మనవళ్లలా పాత 1911 నమ్మకం వాటికి దానంతటదే రాదు. "బిగిస్తే బాగుపడుతుంది" అనే మా మేనల్లుడికి ఇది ప్రత్యేకంగా చదివి వినిపించాను.

బ్రౌనింగ్ హై పవర్: నాకు అన్నం పెట్టింది

పక్షపాతం ఉందని ముందే చెబుతున్నా. మన సైన్యంలో దీని పేరు పిస్టల్ ఆటో 9 ఎంఎం 1ఏ. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది. కెనడాలో జాన్ ఇంగ్లిస్ కంపెనీ యుద్ధకాలంలో చేసిన నమూనాకి తమ్ముడు. కళ్లకు గంతలు కట్టినా నేను దాని ఖోల్నా-జోడ్నా, అంటే విప్పి మళ్లీ బిగించడం, చేయగలను. ఇప్పుడు కూడా చేయగలననే అనుకుంటున్నా, మా ఆవిడ నమ్మదు.

బ్రౌనింగ్ 1926లో బెల్జియంలోని లియేజ్‌లో చనిపోయాడు. మిగిలిన పనిని అక్కడి ఎఫ్ఎన్ కంపెనీ డిజైనర్ డ్యూడొనే సేవ్ పూర్తిచేశాడు, 1935లో బెల్జియం సైన్యానికి వచ్చింది. బ్రౌనింగ్ తన 1911లో తనకే నచ్చనివి ఇందులో దిద్దుకున్నాడని నాకనిపిస్తుంది. ఊగే లంకె తీసేసి బ్యారెల్ కిందే ఒక గట్టి వాలు పెట్టారు, విరగడానికి చిన్న ముక్క లేదు. ఇంకా పెద్ద మార్పు మేగజైన్. తూటాల్ని ఒకే వరసలో కాకుండా రెండు వరసల్లో ఎడంగా పేర్చి, పైకి వచ్చేసరికి ఒకే వరస చేశారు. పిడి చేతికి లావు కాకుండానే 13 రౌండ్లు పట్టాయి. లూగర్‌లో 8, 1911లో 7 ఉన్న రోజుల్లో 13 అంటే ఆలోచించండి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటు మిత్రదేశాలూ వాడాయి, బెల్జియం ఫ్యాక్టరీని ఆక్రమించుకున్న జర్మనీ కూడా వాడింది. ఒకే పిస్టల్‌తో రెండు పక్షాలూ కాల్చుకున్నాయన్నమాట.

రోజూ చేత్తో పట్టినవాడిగా చిరాకులు కూడా చెప్పాలి. మేగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయకుండా ఒక ఏర్పాటు ఉంది. భద్రత కోసమే, కానీ దానివల్ల ట్రిగ్గర్ లాగుతుంటే లోపల ఏదో గీసుకుంటున్నట్టు గరుకుగా తగులుతుంది, ఖాళీ మేగజైన్ కూడా దానంతట అది జారిపడదు, చేత్తో లాగాలి. సేఫ్టీ మీట చిన్నది, బొటనవేలికి సరిగ్గా అందదు. హామర్, అంటే తూటాని పేల్చే చిన్న సుత్తి, వెనక్కి వచ్చినప్పుడు కాస్త కండ ఉన్న చేతిని కొరుకుతుంది. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య చర్మం ఎర్రగా కమిలిన కుర్రాణ్ణి చూస్తే, వీడు ఇవాళ పిస్టల్ కాల్చొచ్చాడని మాకు ఇట్టే తెలిసిపోయేది.

అయినా దుమ్ములో, చెమటలో, చిందీ గుడ్డతో హడావిడిగా తుడిచి పెట్టేసిన రోజుల్లో కూడా అది నా పరువు తీయలేదు. పైన చెప్పిన వానాకాలం సంగతిలో పిస్టల్ ఇదే. దోషి మేగజైనే.

రష్యావాళ్ల మొండితనం

టోకరెవ్ టీటీ-33 చూస్తే పల్లెటూరి కమ్మరి చేసినట్టుంటుంది. కానీ మేగజైన్ సంగతి అందరికంటే ముందు అర్థం చేసుకున్నది ఫ్యొదర్ టోకరెవే. తూటాని చాంబర్‌లోకి నడిపించే అంచుల్ని రేకు మేగజైన్‌కే వదిలేయకుండా, పిస్టల్ లోపల ఉక్కులోనే కోసి పెట్టాడు. మేగజైన్ అంచు కాస్త వంగినా తూటా దారి తప్పదు. నా సుద్దగీత మేగజైన్ ఇందులో అయితే ఆ రోజు ఏ గొడవా లేకుండా కాలి ఉండేదేమో! హామర్, దాని స్ప్రింగు, పిన్నులు అన్నీ ఒక పెట్టెలా ఒకేసారి బయటికొచ్చేస్తాయి. బండి ఆగి చీకట్లో చలికి వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడు అది ఎంత సుఖమో చేసినవాడికే తెలుస్తుంది. ఊగే లంకె మాత్రం బ్రౌనింగ్ దగ్గర్నుంచి తెచ్చుకున్నదే. తూటా 7.62 ఎంఎం, సన్నగా ఉండి చాలా వేగంగా పోతుంది.

దీనికి సేఫ్టీ మీటే లేదు. హామర్‌ని సగం వెనక్కి పెట్టి మోయాలి. కొత్త కుర్రాళ్ల చేతికి ఇలాంటిది ఇచ్చి నేను రాత్రి నిద్రపోలేను. పిడి నిటారుగా ఉండటంతో చెయ్యి చాపితే మూతి కిందికి చూస్తుంది.

దాని తర్వాత 1951లో వచ్చింది మకరోవ్. 730 గ్రాములు, 8 రౌండ్లు, 9×18 తూటా. బ్యారెల్ కదలదు, ఫ్రేముకి బిగించే ఉంటుంది. పేలేటప్పుడు బ్యారెల్‌నీ స్లయిడ్‌నీ కలిపి తాళం వేసే ఏర్పాటే లేదు, స్లయిడ్ బరువూ స్ప్రింగు బలమే తూటా దెబ్బని ఆపుతాయి. తూటా బలహీనమైంది కాబట్టి అది సరిపోయింది. నికొలాయ్ మకరోవ్ పిసినారితనం నాకు చాలా ఇష్టం. ఒక్క రేకు స్ప్రింగుతో హామర్‌ని కొట్టించాడు, ట్రిగ్గర్ కడ్డీని తోయించాడు, దాని అడుగు కొసనే మేగజైన్ పట్టి ఉంచే కొక్కెంగా వాడుకున్నాడు. స్లయిడ్‌ని ఆపే మీటే ఖాళీ తొడుగుని బయటికి తన్నే ముక్క కూడా. మా నాయనమ్మ చీర చిరిగితే దిండు గలేబు, అది చిరిగితే మసిగుడ్డ చేసినట్టు.

ఇందులో పోయేవి తక్కువ, పాడయ్యేవి తక్కువ. దూరం వెళ్లేకొద్దీ తూటాలో పస ఉండదు, అడుగున కొక్కెం వల్ల మేగజైన్ మార్చడం నెమ్మది. అధికారి నడుముకి, పోలీసు బెల్టుకి ఇంతకంటే నిక్కచ్చి పిస్టల్ ఆ రోజుల్లో లేదు.

తొందరగా చూసి వదిలేయాల్సినవి

జర్మనీ 1938లో లూగర్ స్థానంలో వాల్టర్ పీ38 తెచ్చుకుంది. ఎందుకంటే లూగర్ చేయడం ఖరీదు, నెమ్మది. చాంబర్‌లో తూటా ఉంచి హామర్ దించేసి మోయొచ్చు, ట్రిగ్గర్ గట్టిగా నొక్కితే మొదటి రౌండు పోతుంది. ఇవాళ మామూలు అనిపించే ఈ సదుపాయం అప్పట్లో మిలిటరీ పిస్టళ్లలో కొత్త. బ్యారెల్ కింద ఉండే తాళపు ముక్కని తర్వాత బెరెట్టా 92 తీసుకుంది. అమెరికా 1985లో తీసుకున్న ఎం9 అదే. ఇరాక్ ఇసుకలో ఈ ఎం9 మొరాయించినప్పుడు అందరూ పిస్టల్‌ని తిట్టారు. తీరా చూస్తే సైన్యం వేరుగా కొన్న మేగజైన్ల లోపలి పూత గరుకుగా ఉండి, సన్నటి ఇసుకని పట్టేసుకుంటోందని తేలింది. మా మేనల్లుడికి ఈ సంగతి చెప్పి, ఆ రోజు టీ వాడిచేతే పెట్టించుకున్నా.

మౌజర్ సీ96 పేరు మనవాళ్లు వినే ఉంటారు. 1914 ఆగస్టు 26న కలకత్తాలో ఆయుధాలు అమ్మే రోడా కంపెనీకి వచ్చిన సరుకులోంచి విప్లవకారులు దారి మళ్లించింది 50 మౌజర్లు, 46,000 తూటాలు. పిడి చెక్కల్ని పట్టే స్క్రూ తప్ప లోపల ఒక్క స్క్రూ లేదు, అన్నీ ఒకదాంట్లో ఒకటి కొక్కేలేసుకుని ఉంటాయి. విప్పడం పజిల్, బిగించడం పరీక్ష. చెక్క తొడుగుని వెనక తగిలిస్తే చిన్న రైఫిల్‌లా భుజానికి ఆనించి కాల్చొచ్చు. సైనికుడికి రోజువారీ పిస్టల్‌గా మాత్రం పెద్దది, మొరటుది. అలహాబాద్ మ్యూజియంలో ఉన్న చంద్రశేఖర్ ఆజాద్ పిస్టల్ గురించి కూడా అడుగుతారు. అది కోల్ట్ 1903, .32 బోరు, బ్రౌనింగ్ డిజైనే. కోటు జేబులో పట్టేది, సైనిక పిస్టల్ లెక్కలోకి రాదు.

బ్రిటిష్‌వాళ్ల వెబ్లీ రివాల్వర్ ఈ జాబితాలోకి దొంగదారిన వచ్చింది, పిస్టల్ కాదు కదా. కానీ "రివాల్వర్ ఎప్పుడూ జామ్ కాదు" అనే మాట ఎవరో ఒకరు అంటారు. తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే పక్క తూటా వస్తుంది, ఆ సుఖం నిజమే. మేగజైనే లేదు కాబట్టి నా ప్రధాన శత్రువూ లేడు. కానీ సిలిండర్ చుట్టూ సందుల్లో బురద పడితే అది తిరగదు, అప్పుడు చేసేదేమీ ఉండదు. 6 తూటాలయ్యాక మళ్లీ నింపాలి. బర్మా యుద్ధం, దేశ విభజన నాటి కథ తీస్తూ బ్రిటిష్ అధికారి చేతికి లూగర్ ఇచ్చేవాళ్లకి ఒక మాట: వెబ్లీ కానీ ఎన్‌ఫీల్డ్ .38 కానీ ఇవ్వండి. కాన్పూర్‌లో ఇప్పటికీ చేసే .32 రివాల్వర్ కూడా వెబ్లీ వంశమే, మధ్యకి విరిచి నింపేదే.

జపాన్ సైన్యం వాడిన నాంబు పిస్టళ్ల గురించి ఒక్క ముక్క చాలు. టైప్ 94లో లోపలి కడ్డీ బయటికే ఉంటుంది, పక్కనుంచి గట్టిగా నొక్కితే ట్రిగ్గర్ ముట్టుకోకుండానే పేలవచ్చు. దాన్ని ఎంచుకోవద్దు, బొమ్మగా కూడా.

మరి ఏది?

గోడ మీద, కస్టమర్లు కాఫీ తాగుతూ చూడటానికైతే లూగరే. ఆ మోకాలి కీలు గీసిన బొమ్మకి సాటి లేదు, వాదన అనవసరం. మోడల్ కిట్ కట్టుకునేవాళ్లకైతే మౌజర్ పెట్టిన పరీక్ష ఇంకేదీ పెట్టదు. ఊరెళ్లేటప్పుడు ఆ కిట్‌ని విమానంలో చేతిసంచిలో పెట్టుకోకండి, బొమ్మ తుపాకీ అని ఎంత చెప్పినా సెక్యూరిటీవాళ్లు ఆపుతారు.

డిజైన్ నేర్చుకునే కుర్రాళ్లకి చూపించాలంటే మకరోవ్ ముందు పెడతాను. ఒక ముక్కతో మూడు పనులు చేయించడం ఎలాగో దానికంటే బాగా చెప్పే పాఠం లేదు. వేరువేరు కంపెనీలు కలిసి ఒకే వస్తువు చేయాలంటే ఎక్కడ వదులు ఉంచాలో 1911 చెబుతుంది. బురద, చలి, తిట్లు, వంగిన మేగజైన్ అన్నీ ఉన్న చోటికి, భద్రత సంగతి పక్కనపెట్టి ఒక్కటే పంపాలంటే టోకరెవ్. మళ్లీ ఉద్యోగంలో చేరి, నడుముకి ఒకటి పెట్టుకోమంటే మారుమాట లేకుండా హై పవర్ తీసుకుంటా. 13 రౌండ్లు, 900 గ్రాముల చుట్టూ బరువు, విరగడానికి లంకె లేదు, గరుకు ట్రిగ్గర్‌కి నా వేలు అలవాటుపడిపోయింది. బెల్జియం ఎఫ్ఎన్ కంపెనీ 2018లో దాన్ని ఆపేసిందని చదివినప్పుడు, పాత స్నేహితుడు రిటైరైనట్టనిపించింది.

మూడో ఆదివారం మేనల్లుడు రాజీకొచ్చాడు. ఆఫీసు గదిలో లూగర్, అసెంబ్లీ బెంచీ పక్కన హై పవర్. రాజాజీనగర్‌లో ప్రింట్ చేయించి, ఫ్రేములు కట్టించి, మొన్న నన్ను పిలిచాడు. హై పవర్ బొమ్మ ముందు నిలబడి చాలాసేపు చూశాను. స్లయిడ్, బ్యారెల్, వాలు, స్ప్రింగులు, ఒక్కో పిన్నూ చక్కగా ఉన్నాయి.

"మేగజైన్ ఏదిరా?" అన్నాను.

"రేకు డబ్బా కదా మావయ్యా, అందులో చూసేదేముందని చోటు చాలక తీసేయించా" అన్నాడు.

ఫ్రేము దించి మళ్లీ ప్రింటింగుకి పంపించాం. ఈసారి మేగజైన్ విడిగా, పెద్దగా, లిప్స్ కనబడేలా.